ల్యాబ్ తాళంచెవి మీ దగ్గరే ఉంది

మండవల్లిలో పొద్దున్నే రైలెక్కి, కైకలూరు, ఆకివీడు దాటి భీమవరంలో దిగి, అక్కణ్ణుంచి బస్సు పట్టుకుని తాడేపల్లిగూడెం చేరిన ఒక కుర్రాణ్ణి ఊహించుకోండి. చేతిలో ట్రంకు పెట్టె, భుజాన సంచి. ఎం.టెక్.లో చేరడానికి వచ్చాడు. హాస్టల్ మెట్ల మీద ఒక సీనియర్ ఎదురయ్యాడు.

"ఏ ఊరు తమ్ముడూ?"

"కైకలూరు దగ్గరన్నా, మండవల్లి."

"ఇంటిపేరేంటి?"

చెప్పాడు.

"అయితే మనోళ్ళేనా?"

"కాదన్నా" అన్నాడనుకోండి. సీనియర్ కోప్పడడు. "సరే సరే, ఆఫీసు అటు" అని చెయ్యి చూపించి వెళ్ళిపోతాడు. అదే "అవునన్నా" అని ఉంటే? క్యాంటీన్‌కి తీసుకెళ్ళి టీ తాగించేవాడు. పాత ప్రశ్నపత్రాలు ఎవరి దగ్గరున్నాయో, ఏ గైడ్ దగ్గర చేరితే ప్రాజెక్టు ముందుకు కదులుతుందో, ఏ రూములో ఫ్యాను తిరుగుతుందో అంతా ఆ సాయంత్రానికే చెప్పేసేవాడు.

ఎవరూ ఎవరినీ తిట్టలేదు. ఫిర్యాదు రాద్దామంటే ఒక్క వాక్యం దొరకదు. అయినా మన కుర్రాడు మొదటి రోజే నాలుగు అడుగులు వెనక పడ్డాడు. మీ క్యాంపస్‌లో ఇలా జరగడం లేదా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి.

ఈ అధ్యాయం ఎం.టెక్., పీహెచ్.డీ. చేస్తున్న మీ కోసం. "మా చేతిలో ఏముందండీ? సంతకాలు ప్రొఫెసర్లవి, సందడి బీటెక్ వాళ్ళది" అని మీరు అనొచ్చు. ఒక్కసారి లెక్కపెట్టి చూడండి. ల్యాబ్ తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది? జూనియర్లను బ్యాచ్‌లుగా విడగొట్టేది ఎవరు? రికార్డులు దిద్దేది, యంత్రాల వాడకానికి రిజిస్టర్లో టైము రాసేది, వాట్సాప్ గ్రూపులో ఎవరిని చేర్చాలో తేల్చేది ఎవరు? గేట్ రాసి వచ్చిన ఎం.టెక్. విద్యార్థికి నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ ఇచ్చి, వారానికి కొన్ని గంటలు డిపార్ట్‌మెంట్ పని చేయించుకోవడం మామూలే. ఆ కొన్ని గంటలూ చిన్నవి కావు. బీటెక్ పిల్లవాడికి ఆ గంటల్లో కాలేజీ అంటే మీరే.

వైవిధ్యం, సమ్మిళితం లాంటి మాటలు బ్యానర్ల మీద చూస్తుంటాం. మనింటి మాటల్లో చెప్పుకుంటే, ఎవరూ పరాయిగా మిగిలిపోకుండా కలుపుకుపోవడం. అది ఎక్కడ మొదలుపెట్టాలో చూద్దాం.

1. "మనోళ్ళేనా?" అనే మాట మీ నోట రానివ్వకండి

కృష్ణా, గోదావరి జిల్లాల కాలేజీల్లో ఇది అందరికీ తెలిసిన విషయమే అయినా పైకి ఎవరూ రాయరు. ఇంటిపేరు అడగడం, ఊరు అడిగి ఊళ్ళో ఏ వీధో అడగడం, "మీరేమిటోళ్ళు?" అనడం. కొత్తవాళ్ళకు కులాల వారీగా విందులు, కులాల వారీగా వాట్సాప్ గ్రూపులు, బండి మీద స్టిక్కర్లు. అడిగేవాడికి అది ఆప్యాయతలాగే అనిపిస్తుంది. అందుకే మానడం కష్టం.

కొత్తగా వచ్చినవాళ్ళను ఏమడగాలి మరి? రూము దొరికిందా? భోజనం అయిందా? ఏ సబ్జెక్టు అంటే ఇష్టం? ప్రాజెక్టు దేని మీద చేద్దామనుకుంటున్నావు? ఈ నాలుగూ చాలు, అరగంట మాట్లాడుకోవచ్చు.

ర్యాంకు అడగడం కూడా ఇలాంటిదే. గేట్‌లో ఎంత వచ్చిందని ఆగస్టు నెలంతా అడుగుతూనే ఉంటాం. దాని వెనకున్న అసలు ప్రశ్న "నువ్వు ఏ కోటాలో వచ్చావు?" అనేది. వినేవాడికి అది సూటిగానే తగులుతుంది. చేరినవాడు చేరాడు. సీటు వచ్చిన దారి గురించి మళ్ళీ మళ్ళీ సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. నేను ఎం.టెక్.లో ఉండగా ఒక బీటెక్ బ్యాచ్‌కి ల్యాబ్ చూసేవాణ్ణి. ఆఫీసువాళ్ళిచ్చిన కాగితంలో పేరు పక్కన కేటగిరీ కూడా ఉంది. మొదటి రోజు హాజరు పిలుస్తూ, సరిచూసుకుంటున్నాననుకుని, రెండూ పైకి చదివేశాను. నాలుగో పేరు దగ్గరకు వచ్చేసరికి గది నిశ్శబ్దమైపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. మర్నాటి నుంచి ఆ పిల్లలు కూర్చునే వరసలు మారిపోయాయి. ఆ కాగితం నాకు వేరేవాళ్ళిచ్చారు, చదివింది మాత్రం నా నోరు. మీ చేతికి వచ్చే జాబితాలో అలాంటి కాలమ్ ఉంటే, ముందు దాన్ని తీసేసి కొత్త ప్రింటు తీసుకోండి. రెండు నిమిషాల పని.

చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, "నాకు కులం పట్టింపు లేదు" అని చెప్పి ఊరుకోవడం. పట్టింపు ఉందో లేదో మాటలో తేలదు, లెక్కలో తేలుతుంది. ఒక తెల్ల కాగితం తీసుకోండి. పోయిన నెలలో మీరు నోట్సు ఇచ్చినవాళ్ళు, టీకి తీసుకెళ్ళినవాళ్ళు, ఇంటర్న్‌షిప్ సంగతి చెప్పినవాళ్ళు ఎవరో పేర్లు రాయండి. ఇంటిపేర్లతో సహా రాసి, ఒంటరిగా కూర్చుని చదువుకోండి. ఎవరికీ చూపించక్కర్లేదు.

మీరు ఇప్పటికే కులం వారీ వాట్సాప్ గ్రూపులో ఉన్నారా? నా సలహా బయటికి రమ్మనే. వచ్చే ముందు ఒక పని చేయండి. అందులో ఉన్న ప్రశ్నపత్రాలు, ఉద్యోగాల సమాచారం, ఇంటర్వ్యూ అనుభవాలు అన్నీ డిపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టేయండి. లోపలే ఉండి మారుస్తామన్న మాట నేను చాలామంది దగ్గర విన్నాను. అలా మార్చి చూపించినవాళ్ళు నాకు ఇంతవరకూ ఎదురుపడలేదు.

2. "స్కాలర్‌షిప్ పడిందా?" అని అడగండి

గుంటూరు కుర్రాడు రోహిత్ వేముల హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్.డీ. చేస్తూ 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. ఆ విషాదం చుట్టూ ఎన్నో వాదాలు నడిచాయి. అందులో ఒక్క సంగతి దగ్గర ఆగండి. అంతకుముందు కొన్ని నెలలుగా అతనికి ఫెలోషిప్ డబ్బు అందలేదు. ఇంటికి పంపాల్సిన కొడుకు చేతిలో డబ్బు లేకపోవడమంటే ఏమిటో, మొదటి తరంలో చదువుకున్నవాళ్ళకు విడమర్చి చెప్పక్కర్లేదు.

మీ ల్యాబ్‌లో ఎవరికి నెలల తరబడి డబ్బు ఆగిపోయిందో మీకు తెలుసా? అడిగితే తప్ప చెప్పరు. పదిమందిలో అడిగితే అసలు చెప్పరు. పక్కకు పిలిచి, మామూలుగా అడగండి. ఆధార్‌తో ఖాతా లింకు కాక ఆగిందా, హాజరు సర్టిఫికెట్ అందక ఆగిందా, గైడ్ సంతకం దగ్గర ఆగిందా తెలుసుకోండి. ఆఫీసుకి ఒక్కడు వెళ్తే "రేపు రా" అంటారు. ఇద్దరు వెళ్ళి, ఏ తేదీన ఏ కాగితం ఇచ్చారో రాసుకుని, దరఖాస్తు నకలు మీద స్టాంపు వేయించుకుంటే ఫైలు కదులుతుంది. సీనియర్‌గా మీరు వెంట నడిస్తే ఇంకాస్త త్వరగా కదులుతుంది. మెస్ బకాయి గురించి వార్డెన్‌తో మాట్లాడటం కూడా ఇందులో భాగమే.

వివక్ష గురించి చెప్పుకోవడానికి ఒక చోటు ఉండాలని, ప్రతి సంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలని యూజీసీ 2012లోనే నిబంధనలు తెచ్చింది. మీ కాలేజీలో ఆ పని చూస్తున్నది ఎవరో, వాళ్ళ గది ఎక్కడో కనుక్కుని, ల్యాబ్ తలుపు లోపలి వైపు అంటించండి. అవసరం పడిన రోజున వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు.

3. ఎవరినీ ఒక్కరినే పడేయకండి

1940లో మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఒక తెలుగు అమ్మాయి ఎలక్ట్రికల్‌లో చేరింది. పేరు అయ్యలసోమయాజుల లలిత. పదిహేనేళ్ళకు పెళ్ళి, పద్దెనిమిదేళ్ళకు వైధవ్యం, ఒళ్ళో నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావు గారు అదే కాలేజీలో ప్రొఫెసరు. ఆయన పట్టుబట్టి అనుమతి తెచ్చారు. కాలేజీ నిండా మగపిల్లలు, వాళ్ళ మధ్య ఒక్కతే ఆడపిల్ల. ఆ ఒంటరితనం కూతురికి భారమవుతుందని గ్రహించి, మరికొందరు అమ్మాయిలు కూడా చేరేలా చూడాలనుకున్నారు తండ్రి. మరుసటి ఏడాది పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జ్ సివిల్‌లో చేరారు. ఆ ముగ్గురి చదువులూ పూర్తయ్యాక కాలేజీవాళ్ళు డిగ్రీ పత్రాలు ఇస్తూ, అచ్చులో మగవాళ్ళకు వాడే మాట ఉంటే దాన్ని కొట్టేసి, పైన ఆడవాళ్ళకు వాడే మాట చేత్తో రాయాల్సి వచ్చింది. లలిత గారు ఆ తర్వాత విద్యుత్ రంగంలో ఏళ్ళ తరబడి పనిచేశారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సమావేశానికి వెళ్ళారు.

ఆ తండ్రి చేసిన పనిని చూడండి. కూతురికి ధైర్యం చెప్పి ఊరుకోలేదు. తోడు వచ్చేలా చేశారు. మీ బ్యాచ్ విడగొట్టే పద్ధతి కూడా ఇదే కావాలి.

మెకానికల్ వర్క్‌షాపులో అరవైమంది జూనియర్లు, అందులో ఆరుగురు అమ్మాయిలు అనుకుందాం. రోల్ నంబరు ప్రకారం పన్నెండు బ్యాచ్‌లు చేస్తే ఏమవుతుంది? ఆరుగురూ ఆరు బ్యాచ్‌లలో ఒక్కొక్కరుగా పడొచ్చు. అలా పడిన బ్యాచ్ చూడండి. మగపిల్లలు నలుగురూ లేత్ మెషిన్ చుట్టూ చేరతారు. ఆ అమ్మాయికి రీడింగులు రాసే పని ఇస్తారు. "నీ దస్తూరి బాగుంటుంది కదా" అంటారు. సెమిస్టరు అయ్యేసరికి అందరి రీడింగులూ ఆమె దస్తూరిలో ఉంటాయి. ఆమె చేతికి మాత్రం ఒక్కసారి కూడా గ్రీజు అంటదు.

ఏం చేయాలి? ఇద్దరేసి, ముగ్గురేసి కలిసేలా బ్యాచ్‌లు వేయండి. రాసే పని, నడిపే పని, కొలిచే పని ప్రతి వారం మారాలని మొదటి రోజే చెప్పండి. చెప్పి వదిలేయకండి, రికార్డు మొదటి పేజీలో ఈ వారం యంత్రం నడిపింది ఎవరో రాయించండి. ఇది అమ్మాయిలకే కాదు. హిందీ తప్ప మరో భాష రాని ఒక్క పిల్లవాడు, ఏజెన్సీ నుంచి వచ్చిన ఒక్క గిరిజన విద్యార్థి, సరిగా వినబడని ఒక్క అమ్మాయి, ఎవరి విషయంలోనైనా అంతే. జట్టులో ఒక్కరే అయిపోయినవాళ్ళు చాలా త్వరగా మాట మానేస్తారు. తర్వాత మనమే "వాడు మాట్లాడడు" అంటాం.

4. భాష గోడ రెండు వైపులా ఉంటుంది

తాడేపల్లిగూడెం నిట్ 2015లో పెదతాడేపల్లి వాసవి ఇంజనీరింగ్ కాలేజీ గదుల్లో మొదలైంది. తర్వాత పాత విమానాశ్రయం భూముల్లో సొంత భవనాలకు మారింది. నిట్‌లలో బీటెక్ సీట్లు సగం సొంత రాష్ట్రానికి, సగం బయటి రాష్ట్రాలకు. ఎం.టెక్.కైతే ఆ సగం లెక్క కూడా లేదు, దేశం నలుమూలల నుంచీ వస్తారు. ఒడియా అబ్బాయి, మలయాళీ అమ్మాయి, బీహార్ నుంచి వచ్చినవాడు, నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివి వచ్చిన పల్లెటూరి పిల్లవాడు, అందరూ ఒకే ల్యాబ్‌లో.

ఒక దృశ్యం చూద్దాం. ల్యాబ్‌లో ఆరుగురు. ఫర్నేస్ ఉష్ణోగ్రత గురించి మాట ఇంగ్లిష్‌లో మొదలవుతుంది. రెండు నిమిషాలకు ఎవరో ఒక జోకు తెలుగులో వేస్తారు. ఇక అక్కణ్ణుంచి అంతా తెలుగే. మలయాళీ అమ్మాయి కాసేపు ముఖాలు చూసి, ఫోన్ తీసుకుంటుంది. ఆ పది నిమిషాల్లో ఫర్నేస్ ఎప్పుడు ఖాళీ అవుతుందో తేలిపోతుంది. ఆమెకు తెలియదు. మర్నాడు వచ్చి "నాకెవరూ చెప్పలేదు" అంటే, "నిన్న నువ్వు ఇక్కడే ఉన్నావు కదా" అంటారు.

మీరు తెలుగు మానేయాలని నేను అనను. కబుర్లు ఏ భాషలోనైనా చెప్పుకోండి. పనికి సంబంధించిన నిర్ణయం మాత్రం అందరికీ అర్థమయ్యే భాషలో జరగాలి, బోర్డు మీద రాయాలి. మాట తెలుగులోకి జారిందని గమనించినవాళ్ళు ఒక్క వాక్యంలో మలయాళీ అమ్మాయికి చెప్పేయాలి, అంతే. వీలైతే ఆమెకు నాలుగు తెలుగు మాటలు నేర్పండి. మెస్సులో "ఇంకొంచెం పప్పు" అని అడగడం వచ్చిన రోజున ఆమె ముఖం చూడండి.

ఇప్పుడు గోడకు రెండో వైపు. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళకు ఇంగ్లిష్ వైవా అంటే గొంతు పెగలదు. మండవల్లి, కైకలూరు ప్రాంతంలో చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఎన్నో మీకు తెలుసు. అక్కడ పెరిగిన కుర్రాడు పన్నెండేళ్ళ వయసు నుంచీ చెరువు గట్టు మీద ఏరియేటర్ మోటార్లు చూసుకున్నాడనుకోండి. వైవాలో మీరు అడుగుతారు, త్రీ ఫేజ్ మోటారులో సింగిల్ ఫేజింగ్ జరిగితే ఏమవుతుందని. అతను నేల చూపులు చూస్తాడు. మీరు సున్నా వేస్తారు.

అదే ప్రశ్న ఇలా అడగండి. "అర్ధరాత్రి చెరువు దగ్గర ఒక ఫేజు పోయిందనుకో. మోటారు ఏం చేస్తుంది?"

"గుర్రుమంటుందండి. తిరగడానికి బలం చాలదు, వేడెక్కిపోద్ది. వెంటనే ఆపకపోతే వైండింగ్ కాలిపోద్ది. స్టార్టర్లో రిలే సరిగ్గా పెట్టుకుంటే అదే పడిపోద్దండి."

పుస్తకంలో ఉన్నది ఇంతకంటే ఏముంది? అతనికి విషయం వచ్చు, పేరు రాదు. ముందు తెలుగులో చెప్పనివ్వండి. తర్వాత "దీన్నే సింగిల్ ఫేజింగ్ అంటారు, ఇప్పుడు ఇంగ్లిష్‌లో ఒకసారి చెప్పు" అనండి. తడబడితే తొందరపెట్టకండి. రెండో సెమిస్టరుకి అతనే చెప్తాడు. ఇక "పోద్దండి" అన్న యాసను అనుకరించి నవ్వించడం మీ ల్యాబ్‌లో ఎవరైనా చేస్తే, నవ్వకండి. సీనియర్ నవ్వని జోకు రెండోసారి వినపడదు.

5. రాత్రి పది తర్వాత ల్యాబ్ ఎవరిది?

చాలా కాలేజీల్లో అమ్మాయిల హాస్టల్ గేటు అబ్బాయిల హాస్టల్ కంటే ముందు పడుతుంది. ఇది పాత గొడవ, పెద్దది. అది తేలేలోపు మీరు చేయగలిగింది మీ రిజిస్టర్లో ఉంది.

ఖరీదైన యంత్రం ఒక్కటే ఉంటుంది. పగలు కన్సల్టెన్సీ పనులు, సాయంత్రం ప్రొఫెసర్ల పనులు, విద్యార్థులకు రాత్రి. రాత్రి రాలేనివాళ్ళ థీసిస్ నెలలు వెనకబడుతుంది. చివర్లో "అమ్మాయిలు అంత సీరియస్ కాదు" అనే ముద్ర కూడా పడుతుంది. మీరు రిజిస్టర్ చూసే మనిషైతే ఇలా చేయండి. వారం ముందే పట్టిక గోడకు అంటించండి. రాత్రి రాలేనివాళ్ళకు పగటి సమయం ముందు ఇవ్వండి. రాత్రి తప్పనిసరైతే ఇద్దరు ముగ్గురు అమ్మాయిలకు కలిపి ఒకే రోజు ఇచ్చి, హెచ్.ఓ.డి. చేత హాస్టల్‌కి లెటర్ రాయించండి, తిరిగి వెళ్ళేటప్పుడు సెక్యూరిటీ మనిషిని పంపే ఏర్పాటు ఆ లెటర్లోనే అడగండి. "నీ మంచికే చెప్తున్నా, రాత్రి పని పెట్టుకోకు" అనే సలహా మాత్రం వద్దు. ఆమె మంచి ఏమిటో ఆమెకు తెలుసు. ఆమెకు కావలసింది యంత్రం.

లైంగిక వేధింపుల విషయం వచ్చినప్పుడు సీనియర్లు రెండు పొరపాట్లు చేస్తారు. ఒకటి, "సర్దుకుపో, నాలుగు నెలల్లో కోర్సు అయిపోతుంది" అనడం. రెండోది, తామే పోలీసులై వాట్సాప్‌లో విచారణ జరిపించడం. రెండూ ఆ అమ్మాయినే ఇంకా ముంచుతాయి. 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. ఫిర్యాదుకు మూడు నెలల గడువు, తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. యూజీసీ 2015 నిబంధనల్లో మీకు నేరుగా సంబంధించిన సంగతి ఒకటుంది. విద్యార్థులకు సంబంధించిన విచారణలో కమిటీలో ముగ్గురు విద్యార్థులు కూర్చోవాలి. డిగ్రీ స్థాయి నుంచి ఒకరు, పీజీ నుంచి ఒకరు, పరిశోధక విద్యార్థుల నుంచి ఒకరు, అదీ ఎన్నుకున్నవాళ్ళే. మీ కాలేజీలో ఆ కుర్చీల్లో ఎవరున్నారు? ఎన్నిక ఎప్పుడు జరిగింది? తెలియకపోతే, ఈ వారం డీన్ ఆఫీసుకి రాయాల్సిన ఉత్తరం ఇదే.

పెళ్ళైన పరిశోధకురాళ్ళ గురించి ఇంకొక్క మాట. పీహెచ్.డీ. కాలంలో ప్రసూతికి, పిల్లల సంరక్షణకు కలిపి 240 రోజుల వరకూ సెలవు ఇవ్వొచ్చని యూజీసీ నిబంధనల్లో ఉంది. అడగడానికి మొహమాటపడి, బాలింతగానే ల్యాబ్‌కి వచ్చి కూర్చునేవాళ్ళు ఉన్నారు. నిబంధన కాగితం తీసి వాళ్ళ చేతిలో పెట్టండి.

6. మెట్లు, రంగులు, ఎండుచేపలు

చూడటానికి చిన్నవిగా ఉండేవి ఇక్కడ కలిపి చెప్తాను.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవాళ్ళకు కనీసం 5 శాతం సీట్లు ఉండాలి. పరీక్షలో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని కేంద్రం మార్గదర్శకాలు చెప్తున్నాయి. లిఫ్ట్ కట్టించడం మీ వల్ల కాదు. కానీ మీ ట్యుటోరియల్ క్లాసు రెండో అంతస్తు నుంచి కింది గదికి మార్చమని అడగడం మీ వల్ల అవుతుంది. స్లైడ్లు ఒక రోజు ముందే పంపడం అవుతుంది. ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో రెసిస్టర్ రంగులు పోల్చుకోలేని పిల్లవాడు ఏటా ఒకరైనా తగలొచ్చు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియక తప్పు రెసిస్టర్ పెడితే మార్కులు కోసేస్తారు. మల్టీమీటర్‌తో కొలుచుకోమని మొత్తం బ్యాచ్‌కి చెప్పండి. అప్పుడు ఎవరికి రంగులు తెలియవో ఎవరికీ తెలియాల్సిన పని ఉండదు. ఏ సాయమైనా ఇలా అందరికీ కలిపి ఇవ్వగలిగితే, తీసుకునేవాళ్ళు తల దించుకోరు.

ఇక తిండి. కొల్లేటి పిల్లవాడికి వాళ్ళమ్మ డబ్బాలో ఎండుచేపల వేపుడు పెట్టి పంపుతుంది. రూములో మూత తీయగానే "చేపల కంపు" అన్న మాట వస్తుంది. ఆ మాట కూరతో ఆగదు, ఇంటి దాకా వెళ్తుంది. ఆ చేపలే వాడి ఫీజు కట్టాయి. మరి శాకాహారి రూమ్మేట్ ఇబ్బంది? అది కూడా నిజమే. అతన్ని వెక్కిరించకండి. వరండాలో తినే చోటు ఒకటి పెట్టుకోండి, గిన్నెలు వేరుగా ఉంచుకోండి. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటే ఐదు నిమిషాల్లో తేలే విషయమిది. మధ్యలో మీరుండి ఆ ఐదు నిమిషాలూ మాట్లాడించండి.

7. వేదిక ఎక్కించే ముందు అడగండి

సంవత్సరానికి ఒకరోజు పండగలా చేసి, దళిత విద్యార్థినో, చూపు లేని విద్యార్థినో వేదికెక్కించి "నీ కష్టాలు చెప్పు" అనడం చాలా చోట్ల చూశాను. చప్పట్లు కొడతారు. మర్నాడు ఆ పిల్లవాడు క్యాంటీన్‌కి వెళ్తే అందరూ జాలిగా చూస్తారు. అతను వచ్చింది ఇంజనీరింగ్ చదవడానికి. అతన్ని పిలవాలంటే అతని ప్రాజెక్టు గురించి మాట్లాడమని పిలవండి. తన జీవితం గురించి చెప్పాలనిపిస్తే తనే చెప్తాడు. అప్పుడు శ్రద్ధగా వినండి.

కార్యక్రమాలు పెట్టొద్దని కాదు. కానీ మీ దగ్గర ఒక సాయంత్రం ఖాళీ ఉంటే, వేదిక కంటే ముందు ఒక బల్ల వేయండి. వారంలో ఒకరోజు, ఒకే చోట, ఒకే సమయానికి ఇద్దరు పీజీ విద్యార్థులు కూర్చుంటారని నోటీసు పెట్టండి. ఏ జూనియరైనా రావొచ్చు. ఎసైన్‌మెంటు, ఫారం నింపడం, గైడ్‌కి మెయిల్ రాయడం, ఏదైనా అడగొచ్చు. మొదటి మూడు వారాలు ఎవరూ రారు. నాలుగో వారం ఒకరు వస్తారు, తలుపు దగ్గర నిలబడి ఆలోచిస్తారు. బల్ల తీసేయకండి.

8. వరద వచ్చిన వారం

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. ఆ నీళ్ళు అక్కడ ఆగవు కదా. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అన్నీ కొల్లేటికే వస్తాయి. కొల్లేటి నీరు సముద్రానికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. బెజవాడ వార్తల్లోంచి వెళ్ళిపోయాక కూడా కొల్లేటి లంకల్లో రోడ్లు నీళ్ళలోనే ఉన్నాయి, ఏలూరు, కైకలూరు మధ్య రాకపోకలు ఆగిపోయాయి. లంకల్లో జనం పడవల మీద బయటపడ్డారు.

అలాంటి వారంలో మీ బ్యాచ్‌లో ఒక కుర్రాడు ఇంటికి వెళ్ళి చిక్కుకుపోయాడనుకోండి. ఇల్లు ఎత్తు మీద ఉందో లేదో, గేదెలు ఎక్కడున్నాయో, నాన్న చెరువు గట్టు తెగిందో లేదో చూసుకుని, తొమ్మిదో రోజున వచ్చాడు. రిజిస్టర్లో రెండు ల్యాబ్‌లు ఆబ్సెంట్. హాజరు 75 శాతం కిందికి జారింది. కారణం చెప్పడు. "ఇంట్లో పని ఉందండి" అంటాడు.

మీరు అతని హాజరు దిద్దలేరు, దిద్దకూడదు కూడా. కానీ వరద వచ్చిన రోజే బ్యాచ్ జాబితా తీసి, ఎవరు ఏ ఊరి వాళ్ళో చూసి ఫోన్ చేయగలరు. ఫోన్ కలవకపోతే ఆ పేర్లు రాసి హెచ్.ఓ.డి.కి ముందుగానే చెప్పగలరు. తహసీల్దారు సర్టిఫికెట్ తెమ్మనే ముందు, ఆ మండలం నీళ్ళలో ఉందన్న సంగతి అందరికీ తెలిసిందేనని గుర్తు చేయగలరు. పోయిన ప్రయోగాలు మళ్ళీ చేయించడానికి సర్ దగ్గర అనుమతి తీసుకోగలరు.

అతను సంచి దించి, తడి ఆరని రికార్డు పుస్తకం బల్ల మీద పెట్టినప్పుడు ఇంకేమీ అడగకండి.

"అన్నం తిన్నావా?"

"తిన్నానండి."

"నాలుగో ప్రయోగం, ఐదోది మిగిలాయి. సర్ పర్మిషన్ ఇచ్చారు. రేపు సాయంత్రం ఐదింటికి రా, తాళం నేను తీస్తాను."